పేస్‌మేకర్ ఉన్న నాన్నగారికి కార్డియోవర్షన్ చేస్తామంటున్నారు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మాది గుంటూరు, బ్రాడీపేట. నాన్నగారికి 71 ఏళ్లు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని 2019లో ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. రెండు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, దడ. విజయవాడలో చూపిస్తే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడమట. మందులకు లొంగలేదు, మత్తిచ్చి ఛాతీ మీద కరెంట్ షాక్ ఇచ్చి లయ సరిచేస్తామంటున్నారు, అదే కార్డియోవర్షన్.

రక్తం పలచబడే మాత్రలు షాక్‌కి ముందు మూడు వారాలు, తర్వాత కనీసం నాలుగు వారాలు మానకూడదన్నారు. గుండెలో గడ్డ ఉంటే అది కదిలి మెదడుకు పోతుందట. ఆ విషయంలో ఒక్క పూట కూడా తప్పనివ్వడం లేదు.

నా భయమంతా పేస్‌మేకర్ గురించే. ఆయన గుండె దాదాపు దాని మీదే నడుస్తోంది. "ఆ మిషన్ కాలిపోతుందేమోరా" అని అమ్మ రోజూ అడుగుతోంది. ప్యాడ్లు ఒకటి ముందు, ఒకటి వీపున, మిషన్‌కి దూరంగా అంటిస్తామని, షాక్‌కి ముందూ వెనకా మిషన్ చెక్ చేస్తామని, అలా చేస్తే ఇబ్బంది అరుదని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. ఆయన మీద నమ్మకం ఉంది.

కానీ చెక్ చేసే పరికరం (ప్రోగ్రామర్ అంటారు) ఆ పేస్‌మేకర్ కంపెనీదే కావాలి. పెట్టిన హాస్పిటల్ వేరు, ఇప్పుడు చూపిస్తున్నది వేరు. టెక్నీషియన్‌ని హాస్పిటల్ వాళ్లే పిలిపిస్తారా, మనం ముందే మాట్లాడుకోవాలా? మీ ఇంట్లో ఎవరికైనా జరిగితే, షాక్ తర్వాత ఎంతసేపు మానిటర్ మీద ఉంచారు? మళ్లీ ఎన్నాళ్లకు చెక్ చేశారు? బుధవారం డాక్టరుగారిని కలుస్తున్నాం. ఇంకేం అడగాలో కూడా చెప్పండి, దయచేసి.