యోషితోషి దెయ్యాల బొమ్మ: తొలి అచ్చా, తర్వాత చెక్కిందా?

కెటిల్‌తనుకి:
జపాన్ చిత్రకారుడు యోషితోషి గీయగా చెక్కదిమ్మలతో అచ్చయిన 36 దెయ్యాల వరస (1889–1892) లోని బుంబుకు చాగమ బొమ్మ అమ్మకానికి ఉంది. టీ కెటిల్‌గా మారే తనుకి (కుక్కజాతి జపాన్ జంతువు) కథ. చుట్టూ అంచు పురుగు కొట్టినట్టుంది. పాడైనట్టేనా? పాతదో కాదో ఎలా తెలుస్తుంది?

చెక్కదిమ్మ:
పురుగు కాదండి. ఆ వరసకి అంచు గీతనే పురుగు తిన్నట్టు చెక్కారు. దీపానికి అడ్డం పెట్టి చూడండి, చిల్లులోంచి వెలుగొస్తేనే నిజం పురుగు.

పదింతల భూతద్దంలో రంగు చుక్కలుగా విడిపోతే ఆఫ్‌సెట్ (యంత్రపు) అచ్చు, వదిలేయండి. లేదంటే వెనక్కి తిప్పండి. పెడన కలంకారీలో దిమ్మను బట్ట మీద కొడతారు. ఇక్కడ తిరగేసి, దిమ్మ మీద కాగితం పరిచి వెనకనుంచి బరెన్‌ (చేతిలో పట్టే గుండ్రటి రుద్దుడు బిళ్ల)తో రుద్దుతారు. అందుకే వెనకవైపు రుద్దిన చారలు, నారలోంచి దిగిన రంగు కనిపిస్తాయి.

నీలి_అచ్చు:
చారలు చూసి పాతదని కొనేయకండి! కొత్తగా చెక్కిన దిమ్మలతోనూ చేత్తోనే రుద్దుతారు. మరో జపాన్ చిత్రకారుడు హిరోషిగె గీసిన తొకైదో దారి బాటసారుల బొమ్మల్లో ఇలాంటివి కొల్లలు. తేల్చేది నల్ల గీతే. బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ సైటులో పెద్ద ఫొటో తీసి సంతకం, నుదుటి దగ్గర వెంట్రుకలు పోల్చండి. గీత అక్కడక్కడ తెగితే అదే దిమ్మ అరిగింది. వంపే మారితే దిమ్మే వేరు. ఆకాశం రంగు తేడాని మాత్రం పట్టించుకోకండి, ఆ బొకాషిని (రంగు మెల్లగా పలచబడే పూతని) ప్రతి కాగితానికీ చేత్తో తేలుస్తారు.

చెక్కదిమ్మ:
అవును, గీతదే చివరి మాట. తేదీ కోసం బయటి అంచు చదివించండి. మెయిజీ (అప్పటి జపాన్ చక్రవర్తి శకం) సంవత్సరానికి 1867 కలపాలి, 25 అంటే 1892. అంచు కత్తిరిస్తే ప్రచురణకర్త పేరూ పోతుంది, ధర తగ్గాల్సిందే. 1842కి ముందు వాటిమీద ఉండే గుండ్రటి 'కివామె' సెన్సారు ముద్ర దీనిమీద ఉండకూడదు.

ఉప్పుగాలి:
విశాఖలో గోడకి పెట్టొచ్చా? లామినేషన్ చేయిస్తే తేమ ఆగుతుందా?

నీలి_అచ్చు:
లామినేషన్ వద్దేవద్దు, మళ్లీ ఊడదీయలేరు. సెల్లోటేపూ అంతే, జిగురు పసుపు మరకై నారలోకి దిగుతుంది. పైఅంచుకి మాత్రం రెండుచోట్ల, సన్నటి జపాన్ కాగితం ముక్కలు గోధుమ గంజితో అతికించి, ఆమ్లం లేని అట్టకి వేలాడదీయండి. గంజి చిక్కగా ఉండాలి. పల్చనైతే నీరు పాకి రంగు చెదురుతుంది, మెయిజీ కాలపు అనిలిన్ (రసాయన రంగు) ఎరుపు మరీనూ. గాజు బొమ్మకి తగలకూడదు. తడిసే బయటి గోడ వద్దు. వెలుతురు 50 లక్స్ దాటనివ్వకండి, కుసుమ పువ్వు ఎరుపు ఎండకి వెలిసిపోతుంది.

ముడతకాగితం:
జపాన్ ప్రచురణకర్త హసెగావా తకెజిరో 1885లో మొమొతారో కథతో మొదలుపెట్టిన పుస్తకాల వరసలో ముడత కాగితం ప్రతులుంటే బరువు పెట్టకండి, ఇస్త్రీ అసలే వద్దు. అచ్చయిన కాగితాన్ని తడిపి నొక్కి తెచ్చిన ముడత అది. సాగితే బొమ్మ కొలతే మారిపోతుంది.

కెటిల్‌తనుకి:
అమ్మేవారి ఫొటోలో అంచు లేదు. వెనకవైపు, నాలుగు అంచులు, సంతకం దగ్గరగా తీసి పంపమని అడిగాను.