గర్భసంచి జారింది: కుట్లతో ఆపరేషనా, మెష్‌తోనా?

మా అమ్మకు 61 ఏళ్లు. గర్భసంచి బాగా కిందికి జారింది. పొద్దున లేచేసరికి ఏమీ తెలియదు. మధ్యాహ్నం దాటాక నిమ్మకాయంత ఉబ్బు బయటికి వస్తుంది, నడుం లాగేస్తుంది. ఆ ఉబ్బును వేలితో లోపలికి నెట్టుకుంటేనే మూత్రం ధారగా వస్తుంది.

డాక్టరు గట్టిగా ముక్కమని కొలిచి స్టేజ్ 3 అన్నారు. యోని ముందు గోడ (మూత్రాశయం వైపుది) 3 సెం.మీ., గర్భసంచి మూతి 2 సెం.మీ. బయటికి వస్తున్నాయి. వెనక గోడ బాగానే ఉంది. మూత్రానికి వెళ్లొచ్చాక స్కాన్ తీస్తే ఇంకా 140 మి.లీ. మిగిలి ఉంది. ఉబ్బును లోపలికి నెట్టి దగ్గించి చూస్తే మూత్రం లీక్ అవలేదు.

కెగెల్ వ్యాయామాలు (కటి కింది కండరాలను బిగించి వదిలేవి) ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని నెలల తరబడి చేసింది. ఈస్ట్రోజన్ క్రీముతో మంట తగ్గింది, జారడం తగ్గలేదు. రింగ్ పెస్సరీ (జారకుండా ఆపడానికి యోనిలో పెట్టే రింగు) పెడితే విరేచనానికి కూర్చున్నప్పుడల్లా ఊడిపోతోంది, సైజు పెంచితే ఒరుసుకుని రక్తం వస్తోంది.

ఇక ఆపరేషనే. ఒక డాక్టరు కింది నుంచే గర్భసంచి తీసి, యోని పైభాగాన్ని సాక్రోస్పైనస్ లిగమెంటుకు (కటి లోపలి గట్టి కణజాలపు పట్టీకి) కుట్టి, ముందు గోడ కూడా సరిచేద్దామంటున్నారు. ఇంకొకరు లాప్రోస్కోపీలో మెష్‌తో (వల లాంటి సింథటిక్ జాలీతో) వెన్నెముక కింది ఎముకకు కట్టేద్దాం, అది ఎక్కువ కాలం నిలుస్తుందంటున్నారు. 2019లో అమెరికాలో అమ్మకం ఆపించింది యోనిలోంచి పెట్టే మెష్‌ని, ఇది వేరు. అయినా అమ్మకు మెష్ అంటేనే టెన్షన్. నాకేమో కుట్లు వేయించాక ముందు గోడ మళ్లీ జారుతుందేమోనని భయం, ఆమెకు ఎక్కువ జారింది అక్కడే మరి.

సాక్రోస్పైనస్ కుట్ల ఆపరేషన్ చేయించుకుని రెండేళ్లు దాటినవాళ్లు చెప్పండి: మీకు ముందు గోడ మళ్లీ జారిందా?