అప్‌డేట్: సబ్‌స్క్రిప్షన్లు ఎందుకు పోతున్నాయో తేలింది

కొత్త కస్టమర్లు వస్తున్నా మా సాఫ్ట్‌వేర్ నెలవారీ ఆదాయం ఎందుకు పెరగట్లేదని అడిగాను కదా, కారణం దొరికింది. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

"కావాలని మానేసినవాళ్లనీ, పేమెంట్ ఫెయిలై పోయినవాళ్లనీ విడదీసి చూడండి" అన్న సలహాయే పనిచేసింది. పోయినవాళ్లలో చాలామంది అసలు క్యాన్సిల్ బటనే నొక్కలేదు! డిక్లైన్ కోడ్‌లు (పేమెంట్ ఎందుకు ఫెయిలైందో బ్యాంకు చెప్పే కారణాలు) చూస్తే ఎక్కువగా 'కార్డు గడువు ముగిసింది', 'బ్యాలెన్స్ చాలదు' అనే ఉన్నాయి. హెచ్చరిక మెయిల్ కస్టమర్ కంపెనీలో సైన్అప్ చేసిన ఉద్యోగికి వెళ్తోంది, డబ్బు కట్టేదేమో ఆ కంపెనీ అకౌంట్స్ వాళ్లు.

ఇప్పుడు గడువుకు ముందే ఇద్దరికీ మెయిల్ పంపుతున్నాం. లాగిన్ అక్కర్లేకుండా కార్డు మార్చుకునే లింకు ఇచ్చాం. బ్యాలెన్స్ చాలని కార్డుకు వెంటనే కాకుండా కొన్ని రోజులాగి మళ్లీ ప్రయత్నిస్తున్నాం, ఈలోపు అకౌంట్ ఆపట్లేదు. ఆదాయం మళ్లీ పెరుగుతోంది.

ధర తగ్గించండి, ఫీచర్లు పెంచండి అన్న సలహాలు మా సమస్యకు సంబంధం లేనివి.