సమస్యాపూరణం: కనుబొమలను చెరిపి కాంత వెలిగె

నిర్వాహకుడు (మల్లేశ్వరం):
ఈ వారం సమస్య ఆటవెలదిలో. చివరి పాదం ఇదీ, పై మూడు పాదాలూ మీరు కట్టాలి.

కనుబొమలను చెరిపి కాంత వెలిగె

వస్తువు నేను ఎంచింది కాదు, కోరమంగళ కలహంస పట్టుబట్టి పెట్టించింది: ఇంట్లో అద్దం ముందు కూర్చుని డ్రాగ్ తరహా మేకప్ వేసుకోవడం. ఆడ, మగ అనే రూపాలను పెంచి, పొంగించి, రంగులతో ఆడుకునే రంగస్థల కళ డ్రాగ్. మన బెంగళూరులో 2008 నుంచి ప్రైడ్ ఊరేగింపు (స్వలింగ, ట్రాన్స్ సముదాయాల వేడుక) జరుగుతోంది కనుక చాలామంది చూసే ఉంటారు. కనుబొమలను మన్మథుడి విల్లుతో పోల్చి పోల్చి మన ప్రబంధకవులు అరగదీశారు. మరి వాటిని చెరిపేస్తే కాంత వెలగడమేమిటి? చిక్కు అక్కడుంది, విప్పండి. అరసున్నలు పెట్టకపోయినా ఊరుకుంటాను. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ జత అక్షరం, తప్పితే మాత్రం ఊరుకోను.

బసవనగుడి బామ్మ:

పలక పైన పాప బలపాన గీసిన
బొమ్మ చూచి నవ్వి, బొమలు దిద్ద
తడిపి గుడ్డతోడ దల్లియే తుడువగా
కనుబొమలను చెరిపి కాంత వెలిగె

నిర్వాహకుడు:
బామ్మగారూ, నడక హాయిగా ఉంది. కానీ తుడిచింది తల్లి, వెలిగింది బొమ్మలోని కాంత. 'చెరిపి' అన్న క్త్వార్థానికీ (ముందు జరిగిన పనిని చెప్పే రూపం) 'వెలిగె' అన్న క్రియకూ కర్త ఒకరే కావాలి కదా. పైగా మేకప్ ఊసే లేదు, పలకతో తప్పించుకున్నారు.

బసవనగుడి బామ్మ:
నాకు తెలిసిన మేకప్ పౌడరూ కాటుకే నాయనా. మళ్ళీ రాస్తాలే.

చిక్కపేట చిన్నోడు:

వంటయింటిలోన వడ్రంగి జిగురుతో
కాంతి కోసం రంగు గాఢమద్ది
ఇంటివారు నవ్వ నేమాయె ననుకొని
కనుబొమలను చెరిపి కాంత వెలిగె

యశవంతపురం యతిప్రియ:
రెండో పాదం చూసుకో తమ్ముడూ. 'కోసం' రెండూ గురువులే, సూర్యగణం (గురువూ లఘువూ, లేదా మూడు లఘువులు) ఎలా అవుతుంది? 'కాంతి కొరకు' అంటే సరిపోతుంది. మూడో పాదంలో ఇ-ఏ యతి చక్కగా కుదిరింది.

కోరమంగళ కలహంస:
గణం సంగతి అక్క చెప్పారు, నేను జిగురు సంగతి చెప్తాను. వడ్రంగి జిగురు కంటి దగ్గరికి తేవద్దు అన్నా, పద్యంలో కూడా వద్దు! రేపెవరైనా చదివి నిజంగానే పూసుకుంటారు. కనుబొమకు వాడేది పిల్లలు స్కూల్లో కాగితాలంటించే గ్లూ స్టిక్, నీళ్ళతో కడిగితే పోయే రకం. అవెన్యూ రోడ్డులో ఏ స్టేషనరీ అంగడిలోనైనా దొరుకుతుంది. పూసినప్పుడు ఊదాగా ఉండి ఆరాక రంగు పోయే రకమైతే ఇంకా మంచిది, ఎక్కడ తడి ఉందో కంటికి తెలుస్తుంది. అదీ ముందురోజే మోచేతి మడతలో కొంచెం రాసి, దురద రాలేదని చూసుకున్నాకే.

చిక్కపేట చిన్నోడు:
వడ్రంగి అంటే యతి కుదిరింది, అందుకని పెట్టేశాను అన్నా. యతి కోసం కళ్ళు పోగొట్టుకోలేంలే.

కోరమంగళ కలహంస:
నా పూరణ.

జిగురు కడ్డి రుద్ది చిరుదువ్వెనను దువ్వి
పొడిని నద్దియద్ది పూత పూసి
నుదుటి నడుమ రెండు నూత్నచాపము లెత్తి
కనుబొమలను చెరిపి కాంత వెలిగె

యశవంతపురం యతిప్రియ:
ఛందస్సులో వంక పెట్టడానికేమీ లేదు. అన్వయం దగ్గరే నాకు పేచీ. చదువుకుంటూ పోతే కొత్త విల్లులు ఎత్తాక పాతవి చెరిపినట్టుంది. చెరపడం ముందు కదా?

కోరమంగళ కలహంస:
ముందేనండి. చివరి పాదం మీరిచ్చేశారు, నేను దాన్ని పైకి జరపలేను కదా! మొదటి రెండు పాదాలూ చెరిపే పనే. జిగురు పల్చగా ఒక పూత, వెంట్రుకలను పైకి దువ్వి చర్మానికి ఒత్తేయడం, ఆరనివ్వడం, మళ్ళీ పూత. ఆరకముందే పౌడరు వేస్తే ముద్దలు కడుతుంది, మొదటిసారి వేసుకునే వాళ్ళందరూ దెబ్బతినేది అక్కడే. వేలితో తడిమితే గోడకు సున్నం వేసినంత నున్నగా తగలాలి. ఆ తర్వాతే పౌడరు అద్దాలి, రుద్దకూడదు.

ఇంకోటి పద్యంలో పట్టలేదు. మన వెంట్రుకలు నల్లవి కనుక, ఎంత అంటించినా ఫౌండేషన్ (చర్మం రంగు పూత) కిందినుంచి నీలంగా, బూడిదగా నీడ కనిపిస్తుంది. దాని మీద ముందు నారింజరంగు కరెక్టర్ వేయాలి. నీలానికి విరుగుడు నారింజ. గడ్డం గీసుకున్నాక మిగిలే నీలినీడకూ అదే మందు. ఆ పైన దళసరి ఫౌండేషన్. నేను నాటకాల వాళ్ళు వాడే క్రయోలాన్ టీవీ పెయింట్ స్టిక్ వాడతాను.

హలసూరు మాష్టారు:
ఇంత శ్రమపడి ఉన్న కనుబొమ దాచి, పైన ఇంకోటి గీయడం దేనికి నాయనా? ఉన్నదాన్నే దిద్దుకోవచ్చుగా?

కోరమంగళ కలహంస:
చోటు కోసం మాష్టారూ. మగవాడి కనుబొమ సాధారణంగా కిందికి, కంటికి దగ్గరగా ఉంటుంది. దాన్ని తీసేసి వేలెడు పైన గీస్తే, రెప్పకూ కొత్త బొమకూ మధ్య రంగులకు మైదానం దొరుకుతుంది. అమెరికాలో డివైన్ అనే ప్రసిద్ధ డ్రాగ్ కళాకారుడికి ఆ చోటు కూడా చాల్లేదట. మేకప్ చేసే వాన్ స్మిత్ ఏకంగా ముందుజుట్టే నడినెత్తి దాకా గొరిగించాడు!

నిర్వాహకుడు:
దూరాన్వయం (మాటల వరుస ఎడంగా పడడం) ఉన్నా, సమస్యలో క్షమించదగ్గదే. 'నూత్నచాపము' నాకు నచ్చింది. ప్రబంధకవి విల్లు మళ్ళీ వచ్చింది, ఈసారి కన్ను మీద కాక నుదుటి మీద.

హలసూరు మాష్టారు:
అయితే నాదీ వినండి. మనకిది కొత్తేం కాదు.

జడను భుజము పైకి సత్యయై విసరుచు
మగడె మగువయైన మాయ చూడు
అరిదళమ్ముతోడ నానన మలరార
కనుబొమలను చెరిపి కాంత వెలిగె

1956లో పద్మశ్రీ అందుకున్న రంగస్థల నటులు స్థానం నరసింహారావు గారు, 1970లో అందుకున్న కూచిపూడి కళాకారులు వేదాంతం సత్యనారాయణ శర్మ గారు, ఇద్దరూ సత్యభామ వేషానికి పెట్టింది పేరు. మగవాళ్ళే. ఇవాళ డ్రాగ్ అని కొత్త పేరు పెట్టారంతే.

నిర్వాహకుడు:
మాష్టారూ, పద్యం ఘనంగా ఉంది, జ-స యతి కూడా చెల్లుతుంది. కానీ కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడ వేసేది భుజం మీదికి కాదు, తెర మీదికి. పండితులకు సవాలది. 'జడను తెరకు పైన సత్యయై వేయుచు' అంటే గణాలూ కదలవు, సంప్రదాయమూ నిలుస్తుంది. అరిదళం పద్యంలోనే ఉండనివ్వండి, అందులో ఉన్నది ఆర్సెనిక్. పాతకాలం నటులు మొహానికి పసుపుపచ్చదనం కోసం రాసుకున్నారు, ఇప్పుడు ఎవరూ జోలికి పోకండి.

కోరమంగళ కలహంస:
మాష్టారికి దండం పెట్టే ఒక మాట కాదంటాను. శర్మ గారి సత్యభామ కనుబొమ చెరపదు, ఉన్నదాన్నే చెవి వైపు సాగదీస్తుంది. చూసేవాడు 'ఇది మగవాడా?' అని మరిచిపోవడమే అక్కడ గెలుపు. డ్రాగ్‌లో చూసేవాడు మరిచిపోకూడదు. పెదవి పెదవంత ఉండదు, రెప్ప రెప్పంత ఉండదు, ఇది గీసిన మొహమని తెలుస్తూనే ఉండాలి. మీది ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తి, మాది పెంచి చెప్పే అతిశయోక్తి.

యశవంతపురం యతిప్రియ:
ఇదే పద్యంలో చెప్పు చూద్దాం. ఇంకో సందేహం కూడా, మగవాడు వేసుకుంటే 'కాంత' అనొచ్చా?

కోరమంగళ కలహంస:
నేను వేషంలో ఉన్నంతసేపూ 'ఆమె' అనే పిలిపించుకుంటాను, కడిగాక 'అతను'. డ్రాగ్ ఆడవాళ్ళు కూడా వేస్తారండి, అప్పుడసలు పేచీయే లేదు. ఇదిగో పద్యం.

అతిశయోక్తి గాదె యలివేణి రూపము
కంటి మీద నొక్క కన్ను గీసి
పెదవి హద్దు దాటి పింకురంగును దీర్చి
కనుబొమలను చెరిపి కాంత వెలిగె

హలసూరు మాష్టారు:
కంటి మీద కన్నేమిటి?

కోరమంగళ కలహంస:
కట్ క్రీజ్ అంటారు. రెప్ప మడత అసలు ఉన్నచోట కాక, దానికి పైన ముదురురంగుతో కొత్త మడత గీస్తాం. కిందిభాగం మచ్చలు కప్పే కన్సీలర్‌తో తెల్లగా నింపుతాం. కింది రెప్ప లోపలి అంచున తెల్ల పెన్సిల్, దానికింద కాస్త ఎడంగా దొంగ రెప్పవెంట్రుకలు. పదడుగుల దూరం నుంచి చూస్తే కన్ను రెట్టింపు ఉన్నట్టుంటుంది. దగ్గరికొస్తే మోసం తెలిసిపోతుంది, తెలియాలి కూడా.

యశవంతపురం యతిప్రియ:
'పింకు' దగ్గర నాకు గొంతు పట్టింది.

నిర్వాహకుడు:
'గులాబి' అంటే నడుమ గురువుతో జగణమై గణం చెడుతుంది, 'పె'కు యతీ పోతుంది. పింకే ఉండనివ్వండి, ఈ మొహానికి అదే తగింది. రెండో పాదానికే నా ఓటు. పని తెలిసినవాడు ఊహించగలిగిన పాదం అది, నిఘంటువు ముందేసుకుని కూర్చుంటే రాదు. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. మాష్టారు అలగకూడదు.

హలసూరు మాష్టారు:
అలగడం సత్యభామ పని, నాది కాదు. కానీ స్వభావోక్తి అన్నందుకు ఇంకా చర్చ ఉంది, ఆదివారం ఫోను చేస్తాను.

బసవనగుడి బామ్మ:
ఆలస్యమైంది, మా మనుమరాలు మీ చర్చంతా చదివి నా మీదే ప్రయోగం చేసింది.

కళ్ళజోడు తీసి ఘనముగా నవ్వుచు
మనుమరాలి యెదుట మంచమెక్కి
డెబ్బదేండ్ల వయసు డెందాన దాచుచు
కనుబొమలను చెరిపి కాంత వెలిగె

నిర్వాహకుడు:
బామ్మగారూ! కర్త ఒక్కరే, దోషం పోయింది. వస్తువూ నెరవేరింది. ఫలితం ప్రకటించేశాను కానీ, లేకపోతే...

బసవనగుడి బామ్మ:
ఫలితం సంగతి వదిలేయ్. తెల్లారి దొడ్డ గణపతి గుడికి పోవాలి, ఇది దిగుతుందా లేదా? సబ్బుతో రుద్దుతానంటోంది మనుమరాలు.

కోరమంగళ కలహంస:
రుద్దనివ్వకండి బామ్మగారూ, ఉన్న నాలుగు వెంట్రుకలూ ఊడతాయి. ముందు దొంగ రెప్పలు మెల్లగా పీకించుకోండి. తర్వాత కొబ్బరినూనె రాసి రంగంతా దూదితో తుడిపించండి. కళ్ళు మూసుకునే ఉండాలి. చివర్లో గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డ కనుబొమల మీద రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచితే జిగురు మెత్తబడి వెంట్రుకలు వాటంతటవే లేస్తాయి. వెంట్రుకలు మొలిచిన దిక్కుకే తుడవమని చెప్పండి.