అప్‌డేట్: థర్మోస్టాట్ విడిగా మార్చుకునేలా హౌసింగ్ కోయించాను

పోయిన నెల అడిగాను కదా, నా డీజిల్ బండిలో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయిందని, హైవే మీద కూడా కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) 65 డిగ్రీలు దాటట్లేదని. ఆ థర్మోస్టాట్ హౌసింగ్‌తో (దాన్ని పట్టి ఉంచే బయటి గూడు) కలిపే వస్తుంది, విడిగా దొరకదు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పని చేయించాను.

హౌసింగ్ అల్యూమినియంది కాబట్టి కుదిరింది. ప్లాస్టిక్‌దైతే ఈ పని వద్దనే చెప్తాను. లోపల నొక్కి మూసిన అంచు కోసేసి, 54 మిల్లీమీటర్ల థర్మోస్టాట్ కూర్చునేలా మెట్టు తీశారు. పైన సర్‌క్లిప్‌కి (థర్మోస్టాట్ ఊడిపోకుండా పట్టే రింగు క్లిప్) గాడి, చుట్టూ రబ్బరు రింగు.

మొదటిసారి మాత్రం తప్పు చేశాం. బైపాస్ దారిని (కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా నేరుగా ఇంజిన్‌కి తిరిగొచ్చే దారి) మూసే అడుగు బిళ్ల లేని థర్మోస్టాట్ పెట్టాం. ఊళ్లో బాగానే ఉంది, లోడుతో ఘాట్ ఎక్కితే కూలెంట్ 104 డిగ్రీలకి పోయింది. థర్మోస్టాట్ తెరుచుకున్నాక బైపాస్ మూసుకోకపోతే, వేడి కూలెంట్ కొంత రేడియేటర్‌కి పోకుండా తిరిగి ఇంజిన్‌లోకే వస్తుంది. భయమేసి బండి పక్కకు ఆపేశాను.

తర్వాత బిళ్ల ఉన్న 82 డిగ్రీలది తెచ్చి, గిన్నెలో నీళ్లు కాచి అది తెరుచుకోవడం కళ్లారా చూశాకే బిగించాం. వేడికి కరిగి వాల్వ్‌ని తెరిచే మైనం ఉన్న వైపు ఇంజిన్‌కి, గాలి పోయే చిన్న పిన్ను పైకి.

ఇప్పటికి 1,200 కిలోమీటర్లు తిరిగాను. అదే ఘాట్ మళ్లీ ఎక్కినా 84–88 మధ్యే ఉంది, ఎక్కడా చుక్క కారలేదు. బైపాస్ సంగతి చూసుకోమని ముందే చెప్పిన అన్నకి చాలా థాంక్స్. మీ మాట అప్పుడే వినాల్సింది.