హెప్‌వర్త్ బొమ్మల్లో ఆ చిల్లులేంటి? సెయింట్ ఐవ్స్ చూసినవాళ్లు చెప్పండి

బ్రిస్టల్ బాబాయ్:
పిల్లల సెలవులకి కార్న్‌వాల్ వెళ్తున్నాం, అక్కడ సముద్రం ఒడ్డునున్న సెయింట్ ఐవ్స్‌లో రెండ్రోజులు. శిల్పి బార్బరా హెప్‌వర్త్ మ్యూజియం చూడాల్సిందే అని మా ఆవిడ పట్టు పట్టింది. ఫొటోలు చూశా, నాకైతే ఏం ఎక్కలేదు, ఎటు చూసినా గుండ్రటి దిమ్మ, మధ్యలో చిల్లు. పైగా ఆ హెప్‌వర్త్‌ది ఎక్కడో యార్క్‌షైర్‌లో వేక్‌ఫీల్డ్ అంట, మరి ఆ చేపల ఊళ్లో అందరూ మా బార్బరా అన్నట్టు చెప్పుకుంటారేంటి? టికెట్ దండగేనా?

ఉలి దెబ్బ:
దండగ కాదండీ. 1939 ఆగస్టులో యుద్ధం ముంచుకొస్తోందని భర్త బెన్ నికల్సన్‌తో, ఐదేళ్లు కూడా నిండని ముగ్గురు కవలల్ని వెంటేసుకుని హెప్‌వర్త్ లండన్ నుంచి సెయింట్ ఐవ్స్ వచ్చేసింది, ఇక 1975లో స్టూడియోలో నిప్పంటుకుని చనిపోయేదాకా అక్కడే ఉండిపోయింది. 1949లో కొన్న ఆ ట్రెవిన్ స్టూడియోనే ఇప్పుడు మ్యూజియం. చిల్లులు 1930ల్లోనే మొదలెట్టింది, సముద్రం చలవేం కాదు. కానీ 1946లో చేసిన ‘పెలగోస్’ ఫొటో ఒకసారి చూడండి, ఎల్మ్ చెక్క అలలా మెలి తిరిగి ఉంటుంది, లోపల లేత రంగు, ఈ అంచు నుంచి ఆ అంచుకి దారాలు లాగి కట్టేసి ఉంటాయి. తనకీ సముద్రానికీ గాలికీ కొండలకీ మధ్య ఉండే బిగువే ఆ దారాలని ఆవిడే చెప్పింది. అది చూశాకే నాకు ఎక్కింది.

ఉప్పుగాలి:
మ్యూజియం చూసి వచ్చేయకండి, హార్బర్ పక్కన చర్చికి కూడా వెళ్లండి. హెప్‌వర్త్‌కి మొదటి భర్తతో పుట్టిన కొడుకు పాల్ ఎయిర్‌ఫోర్స్ పైలట్, 1953లో థాయ్‌లాండ్‌లో విమానం కూలి పోయాడు. వాడి గుర్తుగా తల్లీబిడ్డల విగ్రహం చెక్కి ఆ చర్చికిచ్చింది. చిల్లూ లేదు దారమూ లేదు, మామూలు అమ్మ, ఒళ్లో పిల్లాడు. నేను చాలాసేపు కదల్లేకపోయా. ఊళ్లోవాళ్లు 1968లో ఆవిడకి పట్టణ గౌరవ పౌరసత్వం ఇచ్చారు, కుండలు చేసే బెర్నార్డ్ లీచ్‌కి కూడా అప్పుడే.

బ్రిస్టల్ బాబాయ్:
థాంక్సండీ, చర్చి లిస్టులో రాసుకున్నా. మావాళ్లిద్దరూ కోతులు, ముట్టుకుంటే తిడతారా?

ఉలి దెబ్బ:
శిల్పాన్ని చేత్తో తడిమి చూడాలనేది ఆవిడ, మ్యూజియంవాళ్లు మాత్రం ఒప్పుకోరు 😄 తోటలో ‘ఫోర్ స్క్వేర్’ అని పెద్ద కంచు శిల్పం ఉంది, మధ్యలోంచి మనిషి నడిచి వెళ్లేంత సందుంటుంది, పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఆ పక్కనే వర్క్‌షాప్ కిటికీలోంచి తొంగి చూస్తే సగం చెక్కిన రాళ్లు, పనిముట్లు అలాగే ఉన్నాయి.