మిగిలిన ఊలుతో చిన్న బహుమతులు: మీకు ఐడియాలు ఎక్కడ దొరుకుతాయి?

ఊలుబంతి_ఈసీఐఎల్
అందరికీ నమస్తే. సంక్రాంతికి మా ఇంటికి అక్కలు, వదినలు, పిల్లలు కలిపి పన్నెండు మంది వస్తున్నారు. ఈసారి కొన్నవి కాకుండా నా చేత్తో అల్లినవి ఇవ్వాలని చాలా కోరికగా ఉంది. ఇంకా ఏడు వారాలుంది. బీరువాలో సగం సగం మిగిలిపోయిన ఊలు ఉండలు తొమ్మిది ఉన్నాయి, కొంచెం కాటన్ దారం కూడా ఉంది. సూదులతో అల్లే నిట్, పర్ల్ (సీదా, ఉల్టా) కుట్లు రెండూ బాగానే వచ్చు. కొక్కెం సూదితో అల్లే క్రోషియా ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.

ఏం చేయాలో మాత్రం తోచడం లేదు. రోజూ రాత్రి గంటసేపు రావెల్రీ అనే అల్లిక డిజైన్ల సైటు చూస్తాను. అన్నీ గ్లౌజులు, మఫ్లర్లు, మేజోళ్లు. మన హైదరాబాద్‌లో జనవరిలో కూడా పొద్దున కాసేపే చలి, మధ్యాహ్నానికి ఫ్యాన్ వేసుకుంటాం. మఫ్లర్ ఇస్తే తీసుకెళ్లి పెట్టెలో పెడతారు. వాళ్లు నిజంగా వాడుకునేది చేయాలని ఉంది. మీరు ఎలా ఆలోచిస్తారో చెప్పండి.

గునుగుపువ్వు
అక్కా, వారం రోజులు ఆ సైటు చూడకు. ముందు ఎవరికి ఇస్తున్నావో పేర్లు రాసుకో. ప్రతి పేరు పక్కన, వాళ్ల చేతిలో రోజూ ఉండే వస్తువు ఒకటి రాయి. నేను అలాగే చేస్తాను.

మా నాన్న కళ్లజోడును చొక్కా జేబులో పెన్నుతో పాటే పెట్టుకునేవారు. అద్దాలన్నీ గీతలే. ఆయనకు కళ్లజోడు సంచి అల్లాను. మామూలు డీకే (మధ్యస్థ మందం) ఊలు, 4 మిల్లీమీటర్ల సూదులు, 20 కుట్లు ఎక్కించి, ప్రతి వరుసా నిట్టే వేస్తూ 34 సెంటీమీటర్ల పట్టీ చేశాను. మధ్యకు మడిచి రెండు పక్కలా కుట్టేస్తే అయిపోయింది. 20 గ్రాముల ఊలు కూడా పట్టలేదు. లోపల పాత బనియన్ గుడ్డ లైనింగ్ వేశాను.

మా పిన్ని బీపీ మాత్రలు పాలిథిన్ కవర్లో తిప్పుకుంటుంది. ఆమెకు గుండీ ఉన్న చిన్న పౌచ్. మా పెద్దమ్మ చేతికర్ర పిడి స్టీలుది, చెమట పడితే జారుతుంది. దానికి కాటన్ దారంతో తొడుగు అల్లి ఇచ్చాను. మొన్న కలిస్తే, "రెండోది కూడా చేసిపెట్టవే, ఇది ఉతికిన రోజు తోచట్లేదు" అంది. నాకు ఇంతకన్నా సంతోషం ఏముంటుంది.

సూదీదారం
సైటులో డిజైన్ చూసి మొదలుపెట్టే ముందు సూది నంబరు చూసుకోండి. మన షాపుల్లో ఎక్కువగా దొరికేవి పాత బ్రిటిష్ నంబర్లు. 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా లెక్క దీనికి తలకిందులు. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు, నంబరుతో పాటే సూది లావవుతుంది. ఇది తెలియక మా అక్క కూతురికి పదిహేను రోజులు కూర్చుని అల్లిన టోపీ తలకు ఎక్కనే లేదు. చాలా బాధేసింది. క్రోషియాలోనూ ఇంతే, అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనే కుట్టును బ్రిటిష్ వాళ్లు డబుల్ క్రోషే అంటారు. మిల్లీమీటర్లలో రాసిన కొలతనే నమ్మండి.

రంగులపిచ్చి
నాకు డిజైన్ కంటే ముందు రంగులు తోస్తాయి. పోయిన బతుకమ్మకు పేర్చేటప్పుడు ఫోటో తీసి పెట్టుకున్నాను. తంగేడు పసుపు, గునుగు తెలుపు, సీతజడ ముదురు గులాబీ, కింద గుమ్మడాకు పచ్చ. ఆ నాలుగు రంగులతో చాయ్ కప్పు కింద వేసుకునే గుండ్రటి మ్యాట్లు ఆరు అల్లాను, వరుసకో రంగు, అచ్చం బతుకమ్మ పేర్చినట్టే. మా వదిన వాళ్లు వరంగల్ నుంచి వచ్చి చూడగానే "ఇది బతుకమ్మ కదా" అన్నారు. నేను చెప్పకముందే!

పాతబస్తీ వైపు వెళ్తే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా చూడండి. కుతుబ్‌షాహీల కాలం నాటి రంగు పలకలు గోడ నిండా ఉంటాయి. నీలం పక్కన పసుపు ఎంత ధైర్యంగా పెట్టారో చూస్తే మన ఉండల్లో ఏది దేనికి జోడీ అవుతుందో తెలుస్తుంది. రెండు రంగులు కలిసిపోతాయేమో అని అనుమానముంటే రెండు ఉండలూ పక్కపక్కన పెట్టి ఫోన్లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో కనిపిస్తే ఆ డిజైన్ దూరం నుంచి కనబడదు.

చుక్కలముగ్గు
నేను ముగ్గుల నుంచి తీసుకుంటాను. అమ్మ ముగ్గుల పుస్తకంలో చుక్కలు వరసలో ఉంటాయి కాబట్టి గ్రాఫ్ కాగితం మీదకు తేలిగ్గా వస్తాయి. కానీ ఒక చిక్కుంది. నిట్టింగ్‌లో కుట్టు చదరంగా ఉండదు, వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. దాదాపు 5 కుట్ల వెడల్పుకు 7 వరుసల ఎత్తు సమానం. మామూలు గ్రాఫ్ కాగితం మీద గీసి అల్లితే ముగ్గు నొక్కేసినట్టు పొట్టిగా వస్తుంది. ప్రతి ఐదు వరుసలకు రెండు వరుసలు పెంచి గీసుకోవాలి.

క్రోషియా వచ్చినవాళ్లయితే ఖాళీ గడి, నిండు గడి పద్ధతిలో చేసుకోవచ్చు. మా అమ్మ సిద్దిపేట గొల్లభామ చీర అంచు చూసి, తల మీద కుండతో ఉన్న ఆ బొమ్మను గడులుగా గీశాను. దాన్ని టేబుల్ మీద పరిచే గుడ్డకు ఒక మూల వేశాను. అలాంటి నేత చీరలు మన ఇళ్లలో బోలెడు. పోచంపల్లి చీర విప్పి చూడండి, గ్రాఫ్ గీసి చేతికిచ్చినట్టే ఉంటుంది.

వంటింటి_కబుర్లు
వేడి గిన్నెలు దించడానికి పట్టుగుడ్డలు చేయి అక్కా. అందరికీ పనికొస్తాయి. మిగిలిన ఊలంతా కలిపి రెండు పొరలుగా అల్లేయొచ్చు.

సూదీదారం
వద్దండి, దయచేసి ఆగండి. మిగిలిన ఊలు అంటే మన దగ్గర చాలావరకు ఆక్రిలిక్. అది ప్లాస్టిక్ లాంటిదే. వేడి గిన్నెకు తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. పట్టుగుడ్డ చేస్తే నూరు శాతం కాటన్‌తోనే, అదీ మందంగా చేయాలి.

వంటింటి_కబుర్లు
అయ్యో, నాకు తెలియదండి. మా అత్తగారికి రెండు చేసి ఇచ్చాను. ఇవాళే ఫోన్ చేసి తీసేయమంటాను. థాంక్సండి.

బర్కత్‌పుర_అబ్బాయి
నేనూ రాయవచ్చా? అమ్మ పోయి రెండేళ్లయింది. ఆమె అల్లిక సంచి విప్పి చూస్తే నాకోసం మొదలుపెట్టిన మెరూన్ స్వెటర్ ఉంది. వీపు భాగం పూర్తయింది, ముందు భాగం చంకల దాకా వచ్చింది. సూదులు అలాగే ఉన్నాయి.

దాన్ని పూర్తి చేద్దామని నలభై ఒకటో ఏట పక్కింటి ఆంటీ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ సీదా, ఉల్టా అని చెబుతుంది. మూడు నెలలకు చేయి కుదిరింది, కానీ అమ్మ కుట్టు బిగువు, నాది వదులు. ఎంత ప్రయత్నించినా నేను అల్లినచోట గీత గీసినట్టు తేడా తెలిసిపోయేది. చివరికి వీపు భాగం అలాగే దాచుకుని, ముందు భాగం విప్పాను. విప్పడానికి కూర్చున్న రోజు చేతులు ఆడలేదు. ఆంటీనే మొదటి వరుస లాగింది.

విప్పిన ఊలు వంకర్లు తిరిగి ఉంటుంది. దాన్ని కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా ముడులు వేసి, గోరువెచ్చని నీళ్లలో కొంచెం షాంపూ వేసి నానబెట్టాలి. పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, కింద చిన్న బరువు కట్టి వేలాడదీయాలి. మాది అసలు ఊలు కాబట్టి పొద్దున్నకి సాపుగా వచ్చింది.

దానితో నాలుగు చేశాను. పెద్దక్క ఇప్పుడు అమ్మ జపమాల వాడుతోంది, ఆ మాలకు సంచి. చిన్నక్క పుస్తకాల మనిషి, ఆమెకు పుస్తకంలో పెట్టుకునే పట్టీ. తమ్ముడికి బండి తాళంచెవికి తొడుగు. నాకొకటి, ఫోన్ సంచి. అందరికీ ఒకే ఊలు, అమ్మ కొన్న ఊలు. ఏం చేయాలా అని నేను వెతుక్కోలేదు, ఆ ముగ్గురూ రోజూ ఏం పట్టుకుంటారో నాకు తెలుసు, అంతే.

గునుగుపువ్వు
అన్నా, చదువుతుంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. ఆ వీపు భాగాన్ని దిండు గలీబుకు ముందు వైపు కుట్టించుకోండి. కుట్టు ఒక్కటి కూడా విప్పక్కర్లేదు.

బర్కత్‌పుర_అబ్బాయి
ఇది నాకు తట్టనే లేదమ్మా. చేస్తాను.

నరసాపురం_అత్తమ్మ
కూకట్‌పల్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మాది నరసాపురం. మా ఊరి చుట్టుపక్కల ఇంటింటా లేసు అల్లేవారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అని మా అమ్మమ్మ చెప్పేది. 2024లో మా లేసుకు జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు ప్రత్యేకత అనే గుర్తింపు) వచ్చిందని విని ఎంత పొంగిపోయానో.

అమ్మాయ్, చిన్న బహుమతి అంటే నేను మంచినీళ్ల గ్లాసు మీద వేసే మూత అల్లుతాను. సన్నటి తెల్ల కాటన్ దారం, సన్నటి స్టీలు క్రోషియా. అరచేయంత గుండ్రం, చుట్టూ అంచుకు పూసలు. ఆ పూసల బరువుకే మూత గాలికి ఎగరకుండా ఉంటుంది. పాలగిన్నెకు, పెరుగు గిన్నెకు కొంచెం పెద్దవి. ఒక్కటి చేయడానికి రెండు సాయంత్రాలు చాలు. నీకు క్రోషియా కొత్త అంటున్నావు కదా, గుండ్రంగా అల్లడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు.

సూదీదారం
పసిపిల్లలకు చేసేవాళ్లకు ఒక మాట. పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 34, 35 సెంటీమీటర్లు. టోపీ దానికంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ అల్లితే సాగి పడుతుంది. గుండీలు, పూసలు, కట్టుకునే తాళ్లు ఏవీ పెట్టకండి. టోపీతో నిద్రపుచ్చకండి.

ఊలుబంతి_ఈసీఐఎల్
ఇన్ని చెప్పారు, ఎలా థాంక్స్ చెప్పాలో! కాటన్ దారం ఇంకా కావాలి. ఎక్కడ కొంటున్నారు?

చుక్కలముగ్గు
కోఠి, సుల్తాన్‌బజార్ వైపు వెళ్తాను. సికింద్రాబాద్ వాళ్లయితే జనరల్ బజార్. ఉండ మీది కాగితంపై లాట్ నంబరు ఉంటుంది, అన్నీ ఒకే నంబరువి తీసుకోండి. తర్వాత వెళ్లి అదే రంగు అడిగితే కొంచెం తేడా వస్తుంది.

ఊలుబంతి_ఈసీఐఎల్
ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. గునుగుపువ్వు చెప్పినట్టు పన్నెండు పేర్లు రాసుకున్నాను. తొమ్మిది పూర్తయ్యాయి. ఇద్దరు బావలకు కళ్లజోడు సంచులు. పెద్ద వదిన స్కూల్ టీచర్, ఆమె మార్కర్లు పెట్టుకోవడానికి జిప్ సంచి. నలుగురు పిల్లలకు బొమ్మల కొలువులో పెట్టుకునే వేలెడు బొమ్మలు, వాటికి తంగేడు, సీతజడ రంగుల్లో లంగాలు. రెండో అక్క ఎప్పుడూ ఆమె గ్లాసు ఏదో తెలియట్లేదని అంటుంది, ఆమెకూ మా అమ్మకూ నీలం పూసల మూతలు. రోజూ రాత్రి ఎనిమిదికి ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చుంటున్నాను.

అత్తమ్మా, ఒక సందేహం. మూతలు రెండూ మెత్తగా వాలిపోతున్నాయి. మీ ఊళ్లో గట్టిపడటానికి ఏం చేస్తారు?

నరసాపురం_అత్తమ్మ
గంజి పెట్టు తల్లీ. అన్నం వార్చిన గంజి వడకట్టి, అంతే నీళ్లు కలుపు. మూత ముంచి మెల్లగా ఒత్తి, పాత దుప్పటి మీద పరిచి, అంచు పూసల దగ్గర గుండుసూదులు గుచ్చి గుండ్రంగా సాగదీయి. నీడలో ఆరనీ. ఆరాక ఫోటో పెట్టు, నేను చూస్తాను.